మా హాల్లోని నాలుగడుగుల ఓనరు గారికి

మహారాజశ్రీ అద్దాల చేపల ట్యాంకు గారికి, మద్రాసు విల్లివాక్కం రెండో అంతస్తు నుంచి మీ అద్దెదారు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగను. రోజుకు రెండుసార్లు మీ థర్మామీటరు చూసి డైరీలో రాసుకునేది నేనే కదా. నాకు జ్వరమొస్తే చూసుకోవడానికి మాత్రం ఇంట్లో థర్మామీటరు లేదు.

చేపల్ని చూస్తూ కూర్చుంటే బీపీ తగ్గుతుందని మా తోడల్లుడు చెప్పాడు. ఆయన ఇంట్లో చేపలు లేవన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. 2018 సంక్రాంతి సెలవుల్లో, నాలుగు గప్పీలు తెచ్చుకుందామని పక్కనే ఉన్న కొళత్తూరుకు వెళ్లాను. రంగు చేపలంటే మద్రాసులో కొళత్తూరే మరి. కొట్టతను పసుపువి, నీలివి చూపించి, ఆఫ్రికాలో మలావీ సరస్సు చేపలన్నాడు. పేరు సిక్లిడ్లు. "హార్డ్ వాటర్ ఫిష్ సార్, మన బోరు నీళ్లకి సూపర్‌గా సెట్ అవుతుంది" అన్నాడు. పూర్తిగా అబద్ధం కాదు. మలావీ సరస్సులో పీహెచ్ ఎనిమిది అటూ ఇటూగా ఉంటుంది, అంటే క్షారపు నీళ్లు. మా ఆవిడ జుట్టు ఊడగొట్టి, గీజరు కాయిలుకు సున్నం పట్టించి, గంట సేపు కుక్కర్లో పెట్టినా కందిపప్పు ఉడకనివ్వని బోరు నీళ్లు, మీవాళ్లకి పుట్టింటి నీళ్లట.

అలా మీరు నలుగురు మనుషుల భుజాలమీద మా ఇంట అడుగుపెట్టారు. టీవీ బెడ్‌రూంలోకి పోయింది, సోఫా గోడకు అతుక్కుంది.

మొదట ఆరు చేపలు వేశాను. వాటిలో ఆరాటస్ అనే చారల మగచేప రెండోరోజుకే పెద్ద రాయి కబ్జా చేసి, మిగతావాటి తోకలు కొరకడం మొదలెట్టింది. వారానికి మూడు మిగిలాయి. మళ్లీ కొట్టుకు పరుగెత్తితే, ఇంకో ఇరవై వేయమన్నాడు. కొట్లాట తగ్గించడానికి జనాన్ని పెంచడం ఏ శాస్త్రమో అనుకున్నాను గానీ, పనిచేసింది. పొద్దున తొమ్మిదింటికి మద్రాసు ప్యారిస్ కార్నరుకు వెళ్లే సిటీ బస్సులో ఎవరూ ఎవర్నీ కొట్టరు, చెయ్యెత్తడానికి చోటుండాలిగా. కాకపోతే ఇరవై చేపలంటే ఇరవై చేపల మురికి. అమోనియా, నైట్రైట్, నైట్రేట్ అని చిన్నప్పుడు పరీక్షకు బట్టీపట్టి మర్చిపోయినవన్నీ మళ్లీ చదివాను. వారం వారం పావువంతు నీళ్లు మార్చాల్సిందే. మీ కడుపులో పట్టేది సుమారు 250 లీటర్లు. అంటే ప్రతి ఆదివారం నాలుగు బిందెలు.

ఆ నాలుగు బిందెల విలువ 2019లో తెలిసింది. మద్రాసుకు నీళ్లిచ్చే చెరువులు రెడ్‌హిల్స్, పూండి, చోళవరం, చెంబరంబాక్కం అన్నీ ఎండిపోయాయి. మా బోరు గాలి కక్కింది. జూలైలో జోలార్‌పేట నుంచి 25 లక్షల లీటర్ల నీళ్లు రైలెక్కి మా విల్లివాక్కం స్టేషనుకే వచ్చాయి. టీవీలవాళ్లు పూజలు చూపిస్తుంటే నేను మనసులో నాలుగు బిందెలు లెక్కేసుకున్నాను. లారీ దగ్గర తెల్లవారుజామున క్యూలో నిలబడి తెచ్చిన నీళ్లు క్లోరిన్ పోయేదాకా ఒక రోజు నిలవుంచి మీకు పోశాం. మీరు వదిలిన నీళ్లతో బాత్రూము కడుక్కుని, మిగిలినవి కుండీలో కరివేపాకుకు పోశాం. మా అందరి ముఖాలు పీక్కుపోయిన ఆ ఏడాది, కరివేపాకు ఒక్కటే పచ్చగా ఉంది.

నెల్లూరు నుంచి వచ్చిన మా అత్తయ్య గారు అంతా చూసి, "కండలేరు నుంచి మా కృష్ణా నీళ్లు కాలవ వేసి మరీ పూండికి పంపుతున్నది ఈ ఆఫ్రికా చేపలకా అల్లుడూ?" అన్నారు. 1983 తెలుగుగంగ ఒప్పందంలో ఏడాదికి 12 టీఎంసీలని రాసుకున్నారు గానీ, అందులో మీ వాటా ఎంతో రాయలేదు. నేనేం చెప్పను?

మరి నీళ్లు పొంగిపొర్లినప్పుడైనా సుఖపడ్డామా? 2023 డిసెంబరు, మిచాంగ్ తుపాను. వీధిలో మోకాలి లోతు నీళ్లు, కరెంటు లేదు. ఇన్వర్టరు రాత్రి పదింటికి చేతులెత్తేసింది. ఫిల్టరు ఆగితే చేపలకే కాదు, అందులో ఉండి మురికిని శుభ్రం చేసే బ్యాక్టీరియాకి కూడా ఊపిరాడదు. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే, వంటింట్లోంచి డబరా టంబ్లరు తెచ్చి, మీలో నీళ్లు ముంచి మూరెడు ఎత్తునుంచి పోశాను. ముంచి పోయడం, ముంచి పోయడం. తెల్లారేసరికి కుడి భుజం లేవలేదు. కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డ మా ఆవిడ, "నాకు ఒక్కరోజైనా ఇలా కాఫీ ఆర్చిచ్చారా?" అంది.

ఇక మీ సంతానం. మగచేప ఇసుకలో గుంట తవ్వి ఒళ్లంతా వణికిస్తాడు. ఆడచేప గుడ్లు పెట్టి, పెట్టినవాటిని పెట్టినట్టే నోట్లోకి తీసుకుంటుంది. వాడి కింది రెక్కమీద అచ్చం గుడ్లలాంటి పసుపు చుక్కలుంటాయి. అవీ తన గుడ్లేననుకుని నోరు పెడితే, గర్భధారణ అక్కడే. ఆ తర్వాత మూడువారాలు నోట్లో పిల్లల్ని పెట్టుకుని తిండి మానేస్తుంది. ఏకాదశికే నీరసపడే అత్తయ్య గారు దానికి దండం పెట్టి, "మరి మొగుడేడీ?" అన్నారు. మొగుడు పక్కగుంట దగ్గర ఇంకొకదాని ముందు వణుకుతున్నాడు.

మొదటి ఇరవై పిల్లలకి ఇరుగుపొరుగులో స్వీట్లు పంచాను. నాలుగో కాన్పుకు చుట్టాలు ఫోనెత్తడం మానేశారు. కొట్టతనికి అమ్ముదామంటే, రెండు జాతులు కలిసిన పిల్లలు వద్దన్నాడు. ఏ ఊరు, ఏ వంశం అని పెళ్లిళ్ల పేరయ్యలా ఆరా తీశాడు. ఆ పిల్లల తొట్టి ఇప్పుడు మా చెప్పుల స్టాండు మీద ఉంది. చెప్పులు మెట్లమీద.

పోయిన వారం కింది అంతస్తు నుంచి ఇంటి ఓనరు వచ్చాడు, శ్లాబుకేమవుతుందోనని. బరువెంతని అడిగితే, రాళ్లతో కలిపి ఓ ఐదుగురు మనుషులు కూర్చున్నంత అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. మా అపార్టుమెంట్లో నీళ్ల చార్జీ తలకింతని వసూలు చేస్తారు. ఈ నెల నుంచి మా ఇంటికి ఐదు తలలు కలిపాడు.

ఇట్లు,
మీ పాదాల చెంత గోనెపట్టా మీద పడుకునే అద్దెదారు.

తా.క.: పసుపుచేప నోరు ఉబ్బి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ఎల్లుండి మా ఏరియాలో ఉదయం తొమ్మిది నుంచి రెండు దాకా కరెంటు ఉండదని మెసేజ్ వచ్చింది. డబరా టంబ్లరు కడిగి మీ పక్కనే పెట్టాను.