డెకామెరాన్‌లో ఉన్నది బూతేనా?

"డెకామెరాన్ అంటే మధ్యయుగపు బూతు కథలు. ఊరు ప్లేగుతో చస్తుంటే డబ్బున్న కుర్రకారు తోటలో కూర్చుని చెప్పుకున్నవి. అందుకే చర్చి నిషేధించింది. ఆడవాళ్లంటే చులకన సరేసరి." ఇటలీ రచయిత బొకాచియో రాసిన ఈ కథల పుస్తకం మీద తరచూ షేర్ అయ్యే మాటలివి.

పుస్తకంలో ఏడుగురు అమ్మాయిలు, ముగ్గురు అబ్బాయిలు 1348లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరం వదిలి వెళ్లి, పది రోజులు రోజుకు పది కథలు చెప్పుకున్నది నిజమే. వెళ్లేముందు ఆ అమ్మాయిల్లో ఒకరైన పాంపినియా ఏమంటుందో కూడా చదవాలి కదా: మనం ఎవరినీ వదిలిపోవడం లేదు, మనవాళ్లే చచ్చిపోయో పారిపోయో మనల్ని వదిలేశారు. కథలకు ముందే రచయిత ఆ చావులన్నీ కళ్లకు కడతాడు. ప్లేగుతో పోయిన బీదవాడి పేలికలు వీధిలో పడేస్తే, వాటిని మూతితో కెలికిన రెండు పందులు కాసేపటికే గిలగిలా కొట్టుకుని చచ్చాయట.

బూతు ఉంది, లేదనను. కానీ మొట్టమొదటి కథే ఒక పరమ దుర్మార్గుడిది. చావుమంచం మీద పాదిరీకి అబద్ధాలు చెప్పి, చచ్చాక సెయింట్ అయిపోతాడు!

ఇక నిషేధం. 1559 నాటి చర్చి నిషిద్ధ గ్రంథాల జాబితాలో పేరెక్కింది. అయితే 1573లో ఫ్లోరెన్స్‌లోనే కత్తిరించి అచ్చేసిన ప్రతిలో సరసం చాలావరకు అలాగే ఉంది. తప్పుచేసే సన్యాసులూ సన్యాసినులూ మాత్రం మామూలు జనంగా మారిపోయారు. ఎవరికి ఎక్కడ మండిందో తెలుస్తూనే ఉంది.

ఆడవాళ్ల సంగతికొస్తే, తొమ్మిదో రోజు తొమ్మిదో కథలో పెళ్లాన్ని కొట్టి దారికి తెచ్చుకోమనే సలహా ఉంది. దాన్ని వెనకేసుకురాను. కానీ ఆరో రోజు కథలోని ఫిలిప్పాను ఎందుకు దాచిపెడతారు? ప్రాతో ఊళ్లో, ప్రియుడితో మొగుడికి దొరికిపోయిన ఆడదాన్ని కాల్చి చంపాలని చట్టం. పారిపొమ్మని అందరూ చెప్పినా వినక, ఆమె కోర్టుకెళ్లి తప్పు ఒప్పుకుంటుంది. ఈ చట్టం చేసేటప్పుడు ఒక్క ఆడదాన్నయినా అడిగారా అని నిలదీస్తుంది. మొగుడికి ఏనాడైనా కాదన్నానా అని అడిగిస్తుంది. లేదంటాడు. "మరి మిగిలింది ఏం చేయమంటారు, కుక్కలకు వేయనా?" జనం పగలబడి నవ్వుతారు, చట్టం అక్కడికక్కడే మారుతుంది.

మారినా, డబ్బు కోసం మొగుణ్ణి మోసం చేసినవాళ్లకు మాత్రం ఆ మంట అలాగే మిగిలింది. పుస్తకాన్ని తిట్టాలనుకునేవాళ్లు అక్కడ పట్టుకుంటే నేనూ గొంతు కలుపుతాను.