ఎవుర్నడిగి పెట్టినారు?

పోయిన సంక్రాంతికి కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో చాలా ఏళ్ల తర్వాత మళ్లీ మిద్దె మీద పడుకున్నాను. అనంతపురం జిల్లాకు దేవుడు వాన తక్కువిచ్చాడు గానీ మబ్బులేని ఆకాశం దండిగా ఇచ్చాడు. చిన్నప్పుడు శెనక్కాయ కుప్పకు కాపలా పడుకున్న రాత్రుల్లో మా అవ్వ చూపించిన పిల్లలకోడి అక్కడే ఉంది. కృత్తికలంటారే, ఆ గుప్పెడు చుక్కలు. నేరుగా చూస్తే మసకమసక, ఓరగా చూస్తే విడివిడి. మా పాపకు చూపించాను. అమెరికాలో మేముండే చోట దీపాల వెలుగుకు అది ఆనదు.

వేకువజామున నాయన లేపినాడు. దారానికి గుచ్చిన పూసల్లా చుక్కలు వరుసగా పోతున్నాయి. పాప ఇరవై దాకా లెక్కపెట్టింది. అవి ఇంటర్నెట్ శాటిలైట్లని చెప్పాను.

"ఇన్ని ఎవుర్నడిగి పెట్టినారప్పా?" అన్నాడు నాయన.

అడిగింది ఎఫ్‌సీసీని, అంటే ఇలాంటి వాటికి అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థను. 2018 నాటికే స్పేస్‌ఎక్స్ కంపెనీ వాళ్ల ఇంటర్నెట్ ఉపగ్రహాల గుంపు స్టార్‌లింక్‌కు దాదాపు 12,000 ఉపగ్రహాలకు అనుమతి వచ్చేసింది. 2019 మేలో 60తో మొదలై ఇప్పుడు వేలల్లో తిరుగుతున్నాయి. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి కాబట్టి, కింద మనకు చీకటైనా వాటి మీద ఎండ పడుతూనే ఉంటుంది. అదే ఆ మెరుపు. అంతరిక్షం మానవాళి అందరిదీ అని 1967 అంతర్జాతీయ ఒప్పందంలో రాసుకున్నారు. మరి మా ఊరినెవరూ అడగలేదే! ఊరుమ్మడి బీడులో ఒకడు కంచె నాటితే రచ్చబండ దగ్గర పంచాయితీ పెట్టేవాళ్లం మనం.

ఇది అమెరికా కంపెనీల తప్పే అనను. 2022, 2023ల్లో శ్రీహరికోట నుంచి వన్‌వెబ్ అనే బ్రిటన్ కంపెనీ ఇంటర్నెట్ ఉపగ్రహాలు 72 మోసుకెళ్లింది మన ఇస్రో రాకెట్లే. అప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. టవర్ లేని కొండవూళ్లకు ఇంటర్నెట్ అందడం మంచిదే. దానికెన్ని చాలు? ఒక్కో కంపెనీ విడివిడిగా వేలకు వేలు కావాలంటుంటే, బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకుంటున్నట్టే ఉంది నాకు.

ఉపగ్రహాలు ఏడో మాగ్నిట్యూడ్ (చుక్కల వెలుగు కొలత; అంకె పెరిగేకొద్దీ మసక) కన్నా మసకగా, అంటే మామూలు కంటికి ఆనకుండా ఉండాలని అంతర్జాతీయ ఖగోళ సంఘం కోరుతోంది. స్టార్‌లింక్ 2020లో నల్లపూత పూసి, ఎండ పడకుండా రేకులు అడ్డుపెట్టి చూసింది. అంటే మనసు పెడితే దారి దొరుకుతుంది. కానీ అలా చెయ్యక తప్పదనే అంతర్జాతీయ చట్టమే లేదు.

అమెరికాలోని మన తెలుగు సంఘంలో ఈ రంగంలో పనిచేసే పిల్లలున్నారు. వాళ్లు ఆఫీసులో ఈ మాట ఎత్తాలి. ఎఫ్‌సీసీకి వచ్చే దరఖాస్తుల మీద ఎవరైనా అభిప్రాయం రాయొచ్చు. నేను రాస్తున్నాను. సంఘం పేరుతో కూడా ఒక ఉత్తరం వెళ్లాలని కార్యవర్గాన్ని అడుగుతున్నాను.