36 గంటల లెక్క

సంతాన సాఫల్య వైద్యంలోగానీ మూలకణాల (రకరకాల కణాలుగా మారగల కణాల) రంగంలోగానీ ఒక శాస్త్రవేత్త గొప్పదనాన్ని పేపర్ల సంఖ్యతో కొలవడం మనకు అలవాటైపోయింది. అతను చెప్పిన ఫలితాన్ని ఇంకో ల్యాబ్ మళ్లీ రాబట్టగలిగిందా అన్నదే అసలు కొలత కావాలి.

టెస్ట్ ట్యూబ్ బేబీ పద్ధతికి (ఐవీఎఫ్) దారి వేసిన రాబర్ట్ ఎడ్వర్డ్స్ సంగతే చూడండి. మనిషి అండం శరీరం బయట 12 గంటల్లో పక్వమవుతుందని 1930ల చివరి నుంచీ చెప్పుకునేవారు. ఆయన చూస్తే 12 గంటలకు అండంలో ఏ కదలికా లేదు. అండాలు దొరకడమే గగనం, ఆపరేషన్లలో తీసేసిన అండాశయపు ముక్కల నుంచి వచ్చే కొద్దిపాటివే దిక్కు. వాటినే ఇంకా ఎక్కువసేపు ఉంచితే, 25 గంటల ప్రాంతంలో క్రోమోజోముల్లో మార్పు మొదలై, 36 గంటలు దాటాక పక్వదశకు వచ్చాయి. 1965లో అచ్చయిన లెక్క ఇది. ఇవాళ్టికీ ఐవీఎఫ్‌లో అండాలను పక్వం చేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఇచ్చిన 34-36 గంటలకే అండాలు తీస్తారు. ముందే తీస్తే పచ్చివి వస్తాయి, బాగా ఆలస్యమైతే అండాలు విడుదలైపోయి సూదికి ఏమీ దొరకదు.

ఆ తర్వాత కూడా దారి నల్లేరు మీద నడకేం కాదు. 1969లో గాజుపాత్రలో ఫలదీకరణ చూపించినా, 1971లో బ్రిటన్ ప్రభుత్వ వైద్య పరిశోధనా మండలి నిధులు ఇవ్వనంది. ఈ పద్ధతిలో తొలి బిడ్డ లూయీస్ బ్రౌన్ పుట్టింది 1978 జులై 25న. నోబెల్ వచ్చేసరికి 2010. అప్పటికి ఆయనతో కలిసి పనిచేసిన డాక్టర్ ప్యాట్రిక్ స్టెప్టో, పిండాల బాగోగులు చూసిన జీన్ పర్డీ ఇద్దరూ లేరు. పర్డీ పేరు ఇప్పటికీ చాలామందికి తెలియకపోవడం అన్యాయం.

ఈ వృత్తిలో రోజువారీ పని ఎక్కువగా కాపలా పని. పిండం పెరిగే పోషక ద్రవం (మీడియం) ఉదజని సూచిక (pH) 7.2, 7.4 మధ్య ఉండాలి, దాన్ని నిలిపేది ఇంక్యుబేటర్‌లోని 5-6 శాతం కార్బన్ డయాక్సైడ్. ఆక్సిజన్ మామూలు గాలిలోలా 20 శాతం కాక, 5 శాతం ఉంటే పిండాలకు మేలు. మీడియం చుక్కల మీద మినరల్ ఆయిల్ వేయడం కాస్త ఆలస్యమైతే చాలు, నీరు ఆవిరై లవణాల గాఢత పెరిగి పిండం ఎదుగుదల మధ్యలోనే ఆగిపోవచ్చు. మైక్రోస్కోపులో చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది, అదే చిక్కు.

మూలకణాలది ఇంకో తలనొప్పి. షిన్యా యమనాకా 2006లో నాలుగు జన్యువులతో ఎలుక చర్మకణాన్ని మూలకణం స్థితికి వెనక్కి నడిపించాక, ఇక అంతా సులువే అనుకున్నారు. కానీ మనిషి మూలకణాలను పదేపదే విడదీసి పెంచుతుంటే 20వ క్రోమోజోములో ఒక ముక్క రెట్టింపైన కణాలు తలెత్తుతాయి. చావును తప్పించే జన్యువు అక్కడుంది, కాబట్టి అవి మిగతావాటిని తోసేసి డిష్ అంతా ఆక్రమిస్తాయి. ముక్క చిన్నదైతే మామూలు క్రోమోజోముల పరీక్షకు దొరకదు, దానికోసం ప్రత్యేకంగా వెతకాలి.

మూలకణాల నుంచి అండాలు తయారుచేయడం గురించి వార్తలు రాసేవాళ్లు అంకెలు చెప్పరు. కట్సుహికో హయాషి బృందం 2023లో మగ ఎలుక కణాల నుంచి అండాలు చేసినప్పుడు, 630 పిండాలు గర్భంలో పెడితే 7 పిల్లలు పుట్టాయి. శాస్త్రంగా అద్భుతమే, చికిత్సగా ఇంకా చాలా దూరం. మనిషి విషయంలో మిటినోరి సాయిటో బృందం 2018లో అండానికి ముందరి దశ కణాల దాకా వచ్చింది. అంతమాత్రానికే ఎలుక అండాశయ కణాలతో కలిపి దాదాపు నాలుగు నెలలు పెంచాల్సి వచ్చింది. అలాంటప్పుడు మూలకణాలతో అండాశయానికి మళ్లీ యవ్వనం తెస్తామని ఫీజు వసూలు చేసేవాళ్లను నేనైతే పరిశోధకులని ఒప్పుకోను.

అమెరికాలో ఈ దారి ఎంచుకునే పిల్లలకు ఇంకో మాట. పిండాలను సృష్టించే లేదా నాశనం చేసే పరిశోధనకు ఫెడరల్ డబ్బు వాడకూడదన్న నిబంధన 1996 నుంచి బడ్జెట్ చట్టాల్లో కొనసాగుతోంది. అందుకే ప్రైవేటు నిధుల పని, ఫెడరల్ గ్రాంటు పని వేర్వేరు ఖాతాల్లో ఉండాలి. ల్యాబ్‌లో చేరేముందు మైకోప్లాస్మా (కణాల్లో కనిపించకుండా చేరే బ్యాక్టీరియా) పరీక్షల రిజిస్టరు, క్రోమోజోముల తాజా రిపోర్టులు, ఫలించని ప్రయోగాల నోట్‌బుక్ చూపించమనండి. చూపించడానికి నసిగితే ఇంకో ల్యాబ్ చూసుకోవడం మంచిది.