గోగునార: కట్ట ముంచాలా, బెరడు ముంచాలా?

శ్రీకాకుళం, విజయనగరం వైపు గోగు రైతుల్లో ఈ వాదన ఉంది. కోసిన గోగును (నార కోసం పెంచే గోంగూర జాతి మొక్క) నార విడేదాకా కట్టలుగా చెరువులో ఊరవేయాలా, పచ్చి బెరడు మిషన్‌తో ఒలిచి అదొక్కటే ఊరవేయాలా?

మావ: సగం మొక్కలు పూతకొచ్చాక కోత. గింజ ముదిరితే నార ముతకబడిపోతుంది. జానెడు మందాన కట్టలు కట్టి 3, 4 రోజులు చేలోనే వదిలేస్తే ఆకు రాలుతుంది. ఆపైన చెరువే. 15 నుంచి 20 రోజుల్లో నార ఊడొస్తుంది. దీనికి మిషనెందుకు అల్లుడూ?

అల్లుడు: చెరువులో నీళ్ళేవి మావా? కిలో పచ్చి గోగుకు 20 లీటర్లయినా కావాలి. వాన లేని ఏడు బురదలోనే తొక్కేస్తున్నారు. పైగా తేలకుండా మట్టిగడ్డలూ అరటి బోదెలూ ఎక్కిస్తారు. దాంతో నార నల్లబడుతుంది, ధర పడిపోతుంది.

మావ: అది చేసేవాడి తప్పు. రాళ్ళు గోనెసంచుల్లో నింపి బరువు పెట్టాలి, కట్టల మీద జానెడు లోపు నీరు నిలవాలి. మొదళ్ళు మందం కాబట్టి ముందు 3 రోజులు కట్టల్ని నిలబెట్టి, మొదలు వైపు మోకాలిలోతు నీళ్ళలో ఉంచాలి. ఆ ఓపిక లేనివాడి నారకే బెరడు ముక్కలు అంటుకుని ఉంటాయి.

అల్లుడు: బెరడు ఒలిచేస్తే లోపలి పుల్ల నీళ్ళలోకే దిగదు. సగం నీళ్ళు చాలు, రోజులూ తగ్గుతాయి. పెరట్లో గుంత తీసి ప్లాస్టిక్ పట్టా పరిస్తే సరి. బెంగాల్‌లోని బ్యారక్‌పూర్ జనపనార పరిశోధన సంస్థ సూక్ష్మజీవుల పొడి కూడా తయారుచేసింది. అది చల్లితే ఇంకా తొందరగా ఊరుతుంది.

మావ: ఒలిచేదెవరు? పచ్చి మీదే ఒలవాలి, ఎండితే బెరడు పుల్లను వదలదు. కొన్ని మిషన్లలో పెడితే పుల్ల తునకలవుతుంది. దడికీ పందిరికీ ఏం మిగిలినట్టు?

అల్లుడు: దడి పుల్లల కోసం చెరువు పాడుచేసుకుంటామా? కుళ్ళు నీళ్ళకి చేపలు చచ్చి తేలుతున్నాయి.

మావ: బెరడు చుట్టలు గుంతలో కుక్కితే పైన కుళ్ళి లోపల పచ్చిగా ఉంటుంది. అదీ చూడాలి కదా.

అల్లుడు: కుక్కకూడదు. వదులుగా చుట్టి, కర్రకు గుచ్చి వేలాడదియ్యాలి. వారం దాటాక రోజూ ఒక చుట్ట తీసి వేళ్ళ మధ్య రుద్ది చూడాలి. పోగులు విడిపోతున్నాయంటే ఆరోజే తియ్యాలి. ఆలస్యమైతే నారకు బలం పోతుంది.

మావ: సరే, ఊరందరి గోగూ ఒకే వారం పూస్తుంది. మిషన్ ఒక్కటే.

అల్లుడు: విత్తడంలోనే వారం వారం ఎడం పెట్టుకుంటే?

మావ: తొలకరి వానకి ఆ మాట చెప్పి రా.