రుషికొండ నుంచి సముద్రం ఎవరికి కనిపించాలి?

విశాఖపట్నం తీరంలోని రుషికొండ మీద రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ వారి హరిత రిసార్టు ఉన్న రోజుల్లో మామూలు ఉద్యోగి కూడా పిల్లలతో వెళ్లి గది తీసుకోగలిగేవాడు. తెల్లవారుజామున తలుపు తెరిస్తే ఎదురుగా బంగాళాఖాతం. ఆ కట్టడాల్లో గొప్పదనమేమీ లేదు. వాటి విలువంతా అవి నిలిచిన చోటులోనే ఉండేది. 2021లో పనులు మొదలుపెట్టి వాటిని తొలగించారు. వాటి స్థానంలో రూ.400 కోట్లకు పైగా ప్రజాధనంతో పాలరాయి పరిచిన విలాస భవనాలు లేచాయి. వేంగి, కళింగ, గజపతి, విజయనగర అని వాటికి రాజ్యాల పేర్లు పెట్టారు. 2024 ఫిబ్రవరి చివరలో ప్రారంభోత్సవం జరిగింది. కొద్ది నెలలకే ప్రభుత్వం మారింది.

ఆ తర్వాత చర్చంతా స్నానాల గదుల చుట్టూ, మంచాల చుట్టూ తిరిగింది. జూన్‌లో కొత్త పాలకపక్షం ఎమ్మెల్యే పాత్రికేయులను లోపలికి తీసుకెళ్లి చూపించాక జనం కోపగించుకున్నారు. ఆ కోపం సహజం. రాష్ట్రపతి, ప్రధాని వంటి అతిథులు దిగడానికి పనికివచ్చే ప్రభుత్వ ఆస్తి ఇది అని పాత పాలకపక్షం వాదించింది. అతిథి గృహం కావలసిందేనని ఒప్పుకుందాం. అయితే ఆ మాట మొదటి రోజే ఎందుకు చెప్పలేదు? అనుమతులు కోరింది పర్యాటక రిసార్టు పేరుతో. 2023 చివరికి అధికారుల కమిటీ అదే స్థలం ముఖ్యమంత్రి క్యాంపు కార్యాలయానికి అనువైనదని తేల్చింది. కట్టేది ఎవరి కోసమో తెలియకుండానే కట్టడం పూర్తయింది. నా దృష్టిలో పాలరాయికన్నా పెద్ద తప్పు ఇదే.

ఇక కొండ సంగతి. విశాఖ చుట్టుపక్కల కొండలు ఎక్కువగా ఖొండలైటు రాతివి. ఎండకూ వానకూ ఈ రాయి పైపొర త్వరగా మెత్తబడి ఎర్రమట్టి అవుతుంది. దాన్ని పట్టి ఉంచేవి చెట్ల వేళ్లు. వాలును కోసి పచ్చదనం తీసేస్తే తర్వాతి తుపానుకే మట్టి కిందికి దిగుతుంది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు, పాత కట్టడాలు కూల్చిన చోట, చదునుగా ఉన్న స్థలంలో మాత్రమే నిర్మించుకోమంది. తర్వాత హైకోర్టు ఆదేశంతో పరిశీలించిన నిపుణుల కమిటీ, అనుమతించిన మేరకు మించి తవ్వారని నివేదించింది. కోసిన వాలు మీద ఆకుపచ్చ చాప పరిచారు. దూరం నుంచి చూసినవారికి అది పచ్చికలాగే కనిపించేది. కొండను ఎంత గాయపరిచారో ఆ చాపే చెప్పింది.

అదే రోడ్డులో భీమిలి వైపు ఇంకొంచెం ముందుకు వెళ్తే తొట్లకొండ. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు అక్కడ నివసించారు. 1988 నుంచి 1993 వరకు జరిగిన తవ్వకాల్లో స్తూపం, విహారాల పునాదులు, శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. అక్కడి నుంచి కనిపించేదీ ఈ సముద్రమే. వాన నీళ్లు నిలవడానికి వాళ్లు రాతిలో తొలిచిన తొట్లే ఆ కొండకు పేరయ్యాయి. పక్కనే ఉన్న బావికొండకు పేరు తెచ్చినవీ నీళ్లే. కొండ మీద బతకాలంటే ముందు దాని నీటిని అర్థం చేసుకోవాలని వాళ్లకు తెలుసు. ఒక మనిషి పడుకునేంత గదితో సరిపెట్టుకున్నారు. నేను తొట్లకొండ ఎక్కిన ప్రతిసారీ, ఆ చిన్న గదుల పునాదుల మధ్య నిలబడి సముద్రం చూసినప్పుడల్లా, రుషికొండ గుర్తొచ్చి మనసు కష్టపడుతుంది.

కొండల మీద ఏమీ కట్టకూడదని నేను అనడం లేదు. కైలాసగిరి మీద పార్కు ఉంది, రోప్‌వే ఉంది, శివపార్వతుల విగ్రహాలున్నాయి. శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీ కుటుంబం కూడా టికెట్టు కొనుక్కుని పైకి వెళ్లి పులిహోర పొట్లం విప్పుకోగలదు. ఆ కొండ మీద సముద్రం అందరిదీ.

రుషికొండ భవనాలను ఏం చేయాలన్న చర్చ ఇంకా నడుస్తోంది. పెద్ద హోటల్ సంస్థలకు అప్పగిస్తే నిర్వహణ ఖర్చయినా వస్తుందన్న వాదన బలంగా వినిపిస్తోంది. ఖజానా పరిస్థితి చూస్తే ఆ వాదనను తోసిపుచ్చలేం. కానీ ఒక రాత్రికి వేలకు వేలు పోయగలవారికే ఆ కిటికీలు తెరుచుకుంటే, హరిత రిసార్టులో గది తీసుకున్న ఆ ఉద్యోగికి జరిగిన అన్యాయం శాశ్వతమవుతుంది. ఎవరికి అప్పగించినా ఒప్పందంలో కొన్ని షరతులు ఉండి తీరాలి. ఒక భవనంలోని గదులైనా పాత పర్యాటక సంస్థ ధరల స్థాయిలో దొరకాలి. కొండ అంచున ఉన్న ఆరుబయలు చిన్న రుసుముతో రోజూ అందరికీ తెరిచి ఉండాలి. కోసిన వాలు మీద చాప తీసి స్థానిక మొక్కలు నాటాలి, అవి బతికాయో లేదో ఏటా జనానికి చెప్పాలి. ఆ ఒప్పందం మీద సంతకం పడకముందే దాని ప్రతిని తెలుగులో ప్రచురించాలి.