కత్తికి మినహాయింపు ఇవ్వండి, గొలుసుకు వద్దు

మొన్న ఇక్కడ అమెరికాలో మన సంఘం పిక్నిక్‌కు వంటల జాబితా రాసుకుంటుంటే మాట మటన్ దగ్గర ఆగిపోయింది. "హలాల్ మాంసం వద్దు. స్పృహ తప్పించకుండా మేకను కోసే వెసులుబాటు ఒక మతం పేరు చెప్పుకొని ఎందుకు ఇవ్వాలి? ఆ మినహాయింపు ఎత్తేయాలి" అని ఒక తమ్ముడు గట్టిగానే అన్నాడు. మేక మీద జాలితోనే అన్నాడు, అనుమానం లేదు. ఆ రోజు తీరిగ్గా చెప్పలేకపోయిన జవాబు ఇది.

అమెరికాలో పశువధ చట్టం 1958లో వచ్చింది. గొడ్డునైనా గొర్రెనైనా పందినైనా గొలుసు వేసి పైకెత్తే ముందే దెబ్బతోనో తూటాతోనో కరెంటుతోనో నొప్పి తెలియని స్థితికి తేవాలని చెప్పింది. దాని పక్కనే రెండో పద్ధతినీ ఒప్పుకుంది. యూదుల ఆచారం ప్రకారం గానీ, అలాంటి పద్ధతే చెప్పే మరే మతం ప్రకారం గానీ, పదునైన కత్తితో మెడలోని రక్తనాళాలను ఒక్క వేటున తెంచితే, మెదడుకు రక్తం అందక జంతువు స్పృహ కోల్పోతుంది. అదీ మానవీయమైన పద్ధతేనని చట్టం రాసుకుంది. కాబట్టి అది దొడ్డిదారిన దూరిన వెసులుబాటు కాదు.

ఇంకో సంగతి. ఆ చట్టంలో కోళ్ల ఊసే లేదు. ఈ దేశంలో ఏటా కోసే కోళ్లు 900 కోట్లకు పైమాటే. అంత పెద్ద మినహాయింపుకు ఏ మతమూ కారణం కాదు. మన జాబితాలో చికెన్ బిర్యానీ ముందే రాసి ఉంది, దాని గురించి ఎవరమూ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మాది సూర్యాపేట వైపు. జాన్‌పహాడ్ సైదులు దర్గా దగ్గర మొక్కు తీర్చుకోవడాన్ని మేం కందూరు చేయడం అంటాం. మా నాయన మొక్కుకున్న యాటను అక్కడి ముజావర్ ఫాతిహా చదివి హలాల్ చేశాకే మా అమ్మ పొయ్యి వెలిగించేది. హిందువుల ఇంట్లో ఇదేమిటని మమ్మల్ని ఎవరూ అడగలేదు. అదే మా ఊళ్లో పోచమ్మ దగ్గరైతే పద్ధతి వేరు. యాటకు పసుపు కుంకుమ పెట్టి, మీద నీళ్లు చల్లి, అది ఒళ్లు జాడించే దాకా అందరూ ఆగేవాళ్లు. జాడిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఒక ఏడు చాలాసేపు జాడించలేదు. అప్పుడు పెద్దవాళ్లు అరుగు మీద కూలబడి ఎదురుచూడటం నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

ఆ పోచమ్మ మొక్కు చట్టం కళ్లలో నేరం. గుళ్ల దగ్గర, జాతర ఊరేగింపుల్లో బలులు ఇవ్వకూడదని 1950లో మద్రాసు రాష్ట్రం చేసిన చట్టం మన వైపూ వచ్చింది. 2003లో తమిళనాడు ప్రభుత్వం దాన్ని కఠినంగా అమలు చేయబోయింది. పల్లెలు ఎదురుతిరిగాక 2004లో రద్దు చేసుకుంది. ఇటు 1960 నాటి కేంద్ర జంతుహింస నివారణ చట్టంలోని 28వ సెక్షనేమో, ఏ వర్గమైనా తన మతం కోరిన పద్ధతిలో జంతువును చంపితే ఈ చట్టం కింద నేరం కాదంటోంది. గ్రంథం చూపించగలిగినవాళ్లు ఆ సెక్షన్ చూపిస్తారు. గ్రంథం లేని పోచమ్మ తరఫున ఎవరు మాట్లాడతారు?

ఇక్కడ, ఈ దేశంలో, ఆ ప్రశ్నకు ఒక జవాబు వచ్చింది. ఫ్లోరిడాలోని హయలియా ఊళ్లో క్యూబా నుంచి వచ్చిన శాంతేరియా అనే మతం భక్తులు 1987లో గుడి కట్టుకుంటామన్నారు. వాళ్ల పూజలో కోళ్లను, మేకలను బలి ఇస్తారు. నగర కౌన్సిల్ వెంటనే బలులను నిషేధిస్తూ నిబంధనలు చేసింది. యూదుల ఆచారం ప్రకారం కోసే కోషర్ కోతకూ వేటకూ చేపలు పట్టడానికీ మాత్రం అడ్డు చెప్పలేదు. 1993లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురూ ఏకగ్రీవంగా ఆ నిబంధనలను కొట్టేశారు. చంపడం తప్పయితే అందరికీ తప్పు కావాలి, ఒక్క మతం వాళ్లు చంపితేనే తప్పు కాకూడదన్నది ఆ తీర్పు సారం. అది చదివినప్పుడు నాకు మా పోచమ్మే గుర్తొచ్చింది. ఇవాళ హలాల్ మీద రాయి వేస్తే అది రేపు తగిలేది మన గడప మీదే.

అయినా తమ్ముడి బాధలో నిజం ఉంది. 1958 చట్టం కోతకే కాదు, కోతకు ముందు జంతువును పట్టుకోవడానికీ కట్టడానికీ కూడా మినహాయింపు ఇచ్చింది. అంటే స్పృహలో ఉన్న దూడ కాలికి గొలుసు వేసి తలకిందులుగా ఎత్తినా ఆ చట్టం అడ్డు రాదు. దీన్నే కొందరు కోర్టులో సవాలు చేశారు, 1974లో ఓడిపోయారు. ఆ గొలుసు ఏ మతం చెప్పింది? కత్తి అంచున చిన్న నొక్కు ఉన్నా పనికిరాదని యూదులు గోటితో తడిమి చూసుకుంటారు. జంతువు కళ్ల ముందు కత్తి నూరకూడదు, ఒకదాని ఎదుట ఇంకోదాన్ని కోయకూడదు అన్నది ముస్లింల పద్ధతి. యాట ఒప్పుకునే దాకా ఆగాలని మా ఊరివాళ్లు. వీటిలో ఏదీ గొలుసును కోరలేదు. జంతువును నిలబెట్టి పట్టుకునే పెట్టెలు 1960లలోనే తయారయ్యాయి. వాటిని వాడే కోషర్ కబేళాలూ ఉన్నాయి. కత్తికి ఉన్న మినహాయింపు అలాగే ఉండాలి, గొలుసుకు ఇచ్చింది తీసేయాలి. మన ప్రతినిధులకు ఉత్తరం రాసేటప్పుడు అడగాల్సింది ఇదే.

పిక్నిక్ మటన్ కోసం నాదొక ప్రతిపాదన. మాంసం హలాలా, ఒక్క వేటుకు తల నరికే జట్కానా అన్నది పక్కన పెట్టి, సంఘం తరఫున ఇద్దరం మటన్ తెచ్చుకునే ఫారానికి వెళ్లి, మేకలను ఎలా పట్టుకుంటున్నారో చూసొద్దాం. ఒకడిగా నేను వస్తాను. రెండోవాడుగా ఆ తమ్ముడు రావాలి.