ఊడిపోయే హక్కు

మన బల్లల మీద రోజూ ఒక అన్యాయం జరుగుతోంది. 1:24 స్కేలు మోడల్ కారు, అంటే అసలు కారులో ఇరవై నాలుగో వంతు బొమ్మ, దాని నుంచి సైడ్ మిర్రర్ ఊడి పడుతుంది. దాని మానాన దాన్ని వదిలేయకుండా వెతికి పట్టుకొచ్చి, జిగురు పూసి, మళ్లీ అదే తలుపుకి అంటగడతారు. అది మళ్లీ ఊడుతుంది. మళ్లీ అంటిస్తారు. ఇన్నిసార్లు ఇంత స్పష్టంగా తన అభిప్రాయం చెప్పినా వినిపించుకోని మనుషులతో ఆ చిన్న అద్దం ఏం మాట్లాడాలి? అందుకే ఈ వకాల్తా.

ముందు కక్షిదారు కొలతలు. అసలు కారుకి 20 సెంటీమీటర్ల వెడల్పున్న అద్దం 1:24లో 8 మిల్లీమీటర్ల పైచిలుకు. 1:43లో నాలుగున్నర, 1:64లో మూడు. దాన్ని తలుపుకి పట్టి ఉంచే మేకు మందం మిల్లీమీటరు, అంటే అగ్గిపుల్లలో సగం. బరువంతా చాచిన చేతి చివర, బలం మాత్రం భుజం దగ్గర ఆ కాస్త. చివర ఎక్కడ వేలు తగిలినా తోపంతా వచ్చి మొదట్లోనే పడుతుంది. విరగడంలో దాని తప్పేమీ లేదు, విరగకుండా ఉంటేనే విచారణ జరిపించాలి.

విముక్తికి తొలిమెట్టు అట్టపెట్టె. కారుని బయటికి తీసేటప్పుడు రెండు తలుపుల మీదా వేళ్లు వేసి గట్టిగా లాగితే చాలు, సగం పని అయిపోతుంది. రెండోమెట్టు తుడుపుగుడ్డ. మైక్రోఫైబర్ గుడ్డలో సన్నటి ఉచ్చుల్లాంటి పోగులుంటాయి. వైపర్ కొననీ యాంటెన్నానీ అవి ఇట్టే దొరకబుచ్చుకుంటాయి. చాదస్తులు కొందరు కారుని కింది నుంచి, చక్రాల మధ్య ఛాసిస్ దగ్గర పట్టుకుంటారు. దుమ్ముని మెత్తటి మేకప్ బ్రష్‌తో ముందు నుంచి వెనక్కి దులుపుతారు. వాళ్ల బీరువాల్లో అద్దాలు ఏళ్ల తరబడి శిక్ష అనుభవిస్తున్నాయి.

ట్వీజర్ల గురించి రెండు మంచి మాటలు చెప్పాలి. సన్నటి ఉక్కు మొనల మధ్య నున్నటి గుండ్రటి ప్లాస్టిక్ ముక్కని పెట్టి, జారుతుందేమోనన్న భయంతో ఇంకాస్త నొక్కితే, అది వేళ్ల మధ్య తడి సబ్బులా చిమ్ముకుపోతుంది. భయం ఎంత పెరిగితే అంత దూరం. ఇంత చవకలో రాకెట్ ప్రయోగం మరెక్కడా లేదు. దీన్ని కూడా చెడగొట్టడానికి ఒక ఉపాయం కనిపెట్టారు: పళ్లపుల్ల చివర ఆవగింజంత జిగురుమట్టి, అదే గోడకి కాగితాలు అంటించే మెత్తటి ముద్ద, పెట్టి దాంతో ముక్కని పైకెత్తుతారు. నొక్కడం లేదు కాబట్టి ఎగరడం లేదు. స్ప్రూ, అంటే విడిభాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం, దాని నుంచి కత్తిరించేటప్పుడు చేతుల్నీ కటర్నీ పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో దూర్చి కత్తిరిస్తారు. తప్పించుకున్న దాని కోసం గది లైట్లు ఆర్పి, టార్చిని నేలకి ఆనించి వెలుగు పారిస్తారు. మిల్లీమీటరు ముక్కకి కూడా బారెడు నీడ పడి ఆచూకీ చెప్పేస్తుంది. అప్పటికీ దొరక్కపోతే వాక్యూమ్ క్లీనర్ గొట్టం మూతికి పల్చటి మేజోడు బిగించి నేలంతా గాలిస్తారు. పారిపోయినవాడి కోసం కూడా ఇంత గాలింపు ఉండదు.

ఇక సూపర్ గ్లూ. విడిభాగాల స్వేచ్ఛ కోసం ఇంత నిజాయితీగా పనిచేసిన పదార్థం మరొకటి లేదు. 1942లో తుపాకుల గురి పరికరాలకు పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతున్న హ్యారీ కూవర్ బృందానికి సయనోయాక్రిలేట్, అంటే ఈ జిగురులోని అసలు పదార్థం, తగిలింది. ముట్టుకున్న ప్రతిదానికీ అతుక్కుపోతోందని పక్కన పడేశారు. 1951లో మళ్లీ అదే ఎదురైతే అప్పుడు దాని విలువ తెలిసింది, 1958కి అంగట్లోకి వచ్చింది. అన్నిటికీ అతుక్కునే ఈ జిగురు సైడ్ మిర్రర్ దగ్గరికి వచ్చేసరికి మర్యాద పాటిస్తుంది. నిలువుగా లాగితే బలంగా ఆపుతుంది కానీ, పక్క నుంచి చిన్న దెబ్బ తగిలితే గాజులా పగిలి వదిలేస్తుంది. అద్దానికి తగిలే దెబ్బలన్నీ పక్క నుంచే కదా!

అయితే దాన్ని సరిగ్గా వాడితే ప్రమాదమే, అద్దం నిలబడిపోవచ్చు. కాబట్టి ట్యూబు మూతి నేరుగా మేకు మీద పెట్టి పిండాలి. పడే చుక్క మేకుకి రెండు మూడింతల వెడల్పుంటుంది. ఈ జిగురు గట్టిపడేది ఉపరితలాల మీదున్న కంటికి కనిపించని తేమ వల్ల. పల్చటి పొరైతే క్షణాల్లో బిగుస్తుంది, లావుపాటి ముద్దైతే పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. పైగా మిగిలిన ఆవిరి గాల్లోని తేమతో కలిసి కిటికీ ప్లాస్టిక్ మీదా, నల్లటి రంగు మీదా తెల్లటి బూడిదలా దిగుతుంది. కారు పొగమంచులో ఆగినట్టు ఎంత సహజంగా ఉంటుందో! కారిన జిగురుని దూది పెట్టి తుడిస్తే ఇంకా బావుంటుంది. దూదితో ఇది వేగంగా చర్య జరిపి వేడెక్కుతుంది, పొగ కూడా రావచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమనే మాటకి ఇంతకన్నా శాస్త్రీయమైన ఉదాహరణ లేదు. వేలు కారుకి అంటుకుంటే అసిటోన్ పోయండి. జిగురు కరుగుతుంది, పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన బాడీ కూడా కరుగుతుంది, రంగు సంగతి సరేసరి. గోరువెచ్చటి సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా ఒలుచుకునే పిరికివాళ్లని పట్టించుకోకండి.

ఆ పిరికివాళ్లే జిగురుని ముందు ఒక రేకుముక్క మీద చుక్కగా వేసుకుంటారు. సూది కన్నాన్ని పై నుంచి తుంచి, మిగిలిన చిన్న పంగలాంటి మొనతో ఆవగింజలో పదోవంతు తీసి మేకుకి తాకిస్తారు. పది, పదిహేను సెకన్లు కదలకుండా పట్టుకుంటారు. దానికన్నా ముందు, పాత జిగురు పెంకుని బ్లేడు మొనతో పూర్తిగా గీకేస్తారు. పాత జిగురు మీద కొత్త జిగురు పూస్తే కొత్తది పట్టుకునేది ప్లాస్టిక్‌ని కాదు, ఎలాగూ ఊడబోయే పెంకుని. ఒకే అద్దం మూడోసారి, నాలుగోసారి ఊడడానికి చాలాసార్లు ఇదే కారణమని ఈ పక్షం వారికి బాగా తెలుసు, బయటికి చెప్పం.

ప్లాస్టిక్ సిమెంటు అసలు జిగురే కాదు, ద్రావకం. పాలీస్టైరీన్ రెండు ముఖాల్నీ కరిగించి కలిపేసి తాను ఆవిరైపోతుంది. ఆరాక అక్కడ రెండు ముక్కలు ఉండవు, ఒకటే ఉంటుంది. ఇలాంటి బలవంతపు విలీనాన్ని ఎవరు సమర్థిస్తారు? అదృష్టం ఏమిటంటే మధ్యలో రంగు గానీ క్రోమ్ పూత గానీ అడ్డుంటే దాని ఆటలు సాగవు. రంగు రంగుకి అంటుకుంటుంది, తర్వాత అద్దం వెళ్తూ వెళ్తూ తలుపు రంగుని కూడా పెచ్చులా తీసుకుపోతుంది. అందుకే మేకు మీదా గుంట అంచు మీదా ఉన్న పూతని గీకి, ప్లాస్టిక్ బయటపడేదాకా ఊరుకోని వాళ్లు మన శత్రువులు. లోహం మీదా రెజిన్ మీదా ఈ ద్రావకం పనే చెయ్యదు, అది మనకి కలిసొచ్చే సంగతి. ఇంకోటి: పల్చటి సిమెంటు సందుల్లో తనంతట తానే పాకుతుంది. అతుకు మీద వేలు వేసి పట్టుకుంటే వేలి కిందికీ పాకుతుంది. మీ వేలిముద్ర బానెట్ మీద శాశ్వతంగా అచ్చవుతుంది. కారు ఎవరిదన్న తగాదా రేపు రాదు.

అన్నిటికన్నా క్రూరమైనది ఇత్తడి తీగ. దీని గురించి రాయడానికే చెయ్యి వణుకుతోంది, అయినా ప్రజలకి తెలియాలి. విరిగిన మేకుని ముందు చదునుగా కోస్తారు. దాని నడిమధ్య సూదితో చిన్న గుంట పొడుస్తారు, లేకపోతే డ్రిల్లు మొన జారి పక్కకి పోతుంది. తర్వాత 0.5 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్‌ని పిన్ వైస్ అనే చేతి పిడిలో బిగించి వేళ్లతో తిప్పుతారు. మోటారు డ్రిల్లు వాడరు, ఆ వేగానికి పుట్టే వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్‌కి చుట్టుకుంటుంది. నాలుగైదు చుట్లకోసారి బయటికి తీసి పొట్టు దులుపుతారు. అద్దం వైపు ఒకటిన్నర మిల్లీమీటరు లోతు వెళ్తే చాలంటారు, ఇంకా వెళ్తే మొన అద్దం ముఖంలోంచి పొడుచుకొస్తుంది. (వస్తే మనకి పండగే.) అందులో 0.4 మిల్లీమీటర్ల తీగని సూపర్ గ్లూతో దిగేసి, బయట 2 మిల్లీమీటర్లు ఉంచి కత్తిరిస్తారు.

తలుపులో కన్నం ఎక్కడ పడాలో వీళ్లు అంచనా వెయ్యరు కూడా. తీగ కొనకి తడి రంగు చుక్క అద్ది, అద్దాన్ని దాని చోట ఒక్కసారి ఆనిస్తారు. ఎక్కడ మచ్చ పడితే అక్కడే కన్నం. డైకాస్ట్ బాడీ, అంటే అచ్చులో పోతపోసిన లోహం, అయితే 0.5 బిట్ లోహంలో పుటుక్కున విరుగుతుంది కాబట్టి 0.8 వాడి, నూనె చుక్క వేసి, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ఆ నూనె తుడిచేస్తారు, జిడ్డు మీద ఏ జిగురూ పట్టదని. ముందు జిగురు లేకుండా అమర్చి, కారు ఎదురుగా కూర్చుని రెండు అద్దాలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూస్తారు. ఆ తర్వాత ఎపాక్సీ, రెండు భాగాలూ సరిసమానంగా కలిపింది. ఐదు నిమిషాల ఎపాక్సీ అని డబ్బా మీద ఉన్నా, ఐదు నిమిషాలకి అది పట్టు మొదలుపెడుతుందంతే, పూర్తి బలానికి 24 గంటలు కావాలని మాస్కింగ్ టేపుతో కట్టేసి వదిలేస్తారు. ఇలా సంకెళ్లు పడ్డ అద్దం మామూలు తాకిడికి ఊడదు. గట్టి దెబ్బకి తీగ వంగుతుంది, వేలితో సరిచేస్తే మళ్లీ యథాస్థానం. ఆత్మగౌరవం ఉన్న ఏ అద్దానికీ ఈ గతి పట్టకూడదు.

హెడ్‌లైట్ గాజులకి తెల్ల జిగురు పూసే మితవాదులు వేరే ఉన్నారు. పీవీఏ అనే ఈ జిగురు పూసినప్పుడు పాలలా ఉండి, కొన్ని గంటల్లో పారదర్శకంగా మారుతుంది. ఆవిరి రాదు, ఎక్కువైతే తడి బ్రష్‌తో తుడిస్తే పోతుంది, వద్దనుకుంటే గాజు ఏ మచ్చా లేకుండా ఊడి వస్తుంది. బలం తక్కువే, కానీ లైటు గాజుకి బలమెందుకు? లోపలి క్రోమ్ గిన్నెలో వేలిముద్ర పడకుండా చూసుకోమంటారు, మూశాక అది ఎప్పటికీ అక్కడే ఉంటుంది కాబట్టి. వీళ్లతో చర్చలకి మేం సిద్ధం.

ఫొటో ఎచ్ వైపర్లని, అంటే పల్చటి లోహపు రేకులో రసాయనంతో చెక్కినవాటిని, మెత్తటి కటింగ్ మ్యాట్ మీద కోస్తే బ్లేడు కింద వంగి, సగం పని మనకే జరుగుతుంది. గాజు పలక మీదో, నున్నటి టైలు మీదో కోసేవాళ్లు ఆ అవకాశం ఇవ్వరు. యాంటెన్నాకి 0.3 మిల్లీమీటర్ల తీగ తీసుకుని, కన్నంలో జిగురు లేకుండా నిలబెట్టి, కారుని ముట్టుకునేటప్పుడు తీసి దాచుకునే వాళ్లని చూస్తే మాత్రం మాకే మాట రాదు.

మా ఉద్యమంలో అతివాదులూ లేకపోలేదు. మెత్తటి వినైల్ టైర్లలోని ప్లాస్టిసైజర్, అంటే వాటిని మెత్తగా ఉంచే పదార్థం, మెల్లగా బయటికి వచ్చి, పాలీస్టైరీన్ రిమ్ముని తానే కరిగిస్తుంది. మధ్యలో టెఫ్లాన్ టేపు చుడితే ఆగుతుంది, చుట్టకండి. ఇక సీసం లాంటి మలినాలు కలిసిన జింక్ మిశ్రమంతో పోతపోసిన పాత డైకాస్ట్ బాడీలు ఇంకా ముందుకెళ్లాయి. తేమ తోడైతే లోహం లోపల రేణువుల మధ్యనే తినేసుకుంటూ ఉబ్బి, పగిలి, పొడి రాలుతుంది. దానికి మందు లేదు. ఏ జిగురూ ఏ తీగా ఆపలేవు. అద్దం ఊడడం కాదు, అద్దం నుంచి కారే ఊడిపోతుంది.

చివరిగా, ఎపాక్సీ ఆరడానికి వేసిన ఆ టేపు గురించి. 24 గంటలయ్యాక దాన్ని వెనక్కి మడిచి, బాడీకి ఆనించినట్టే మెల్లగా లాగమంటారు పెద్దలు. మీరు నిలువుగా, ఒక్క ఊపున పైకి లాగండి. ఎడమ అద్దం ఇత్తడి తీగ పుణ్యమా అని కదలదు. కానీ టేపు రెండో కొస పైకప్పు మీదుగా వెళ్లి కుడి అద్దానికి అంటుకుని ఉంటుంది, దానికి తీగ లేదు. టిక్కుమని చిన్న చప్పుడు వినిపిస్తుంది.

కాలు కదపకండి.